ఊరికి సభ ఉంది, పేటకు లేదు

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఉపాధి హామీ కింద ఏ పనులు చేపట్టాలి, ఏ వీధికి సిమెంటు రోడ్డు వేయాలి అన్నవి ఊరి జనం ముందు చదివి, తీర్మానాలు చేశారు. సరిగ్గా ఎనిమిది రోజులకు, ఆగస్టు 31న, ఎన్టీఆర్ జిల్లా మీద కుండపోత కురిసింది. మర్నాడు ఆదివారం విజయవాడ నగరంలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, వాంబే కాలనీ బుడమేరు నీళ్లలో చిక్కుకున్నాయి. ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం ఉంది. పాయకాపురం దాటగానే నున్న వస్తుంది. అది పంచాయతీ. అక్కడి ఓటరుకు గ్రామసభలో లేచి నిలబడి, ఈ డబ్బు ఎటు పోయింది, ఈ కాలువ ఎప్పుడు తవ్వుతారు అని అడిగే హక్కు ఉంది, ఆ సభను రాజ్యాంగమే గుర్తించింది. ఇవతల పాయకాపురంలో ఉన్నవాడు నగరపాలక సంస్థకు ఆస్తి పన్ను, నీటి పన్ను కడతాడు. అతనికి మాత్రం తన పేట సంగతి వినడానికి, అడగడానికి చట్టం ప్రకారం నిజంగా కూర్చునే సభ ఒక్కటీ లేదు. నగరవాసికి ముందుగా కబురు అందకపోవడం, తర్వాత జవాబు దొరకకపోవడం అనే రెండు జబ్బులకూ మూలం ఇక్కడే ఉందన్నది ఈ వ్యాసం వాదన. యాప్‌లు, హెల్ప్‌లైన్లు, అధికారుల పర్యటనలు ఎన్ని ఉన్నా, పేటకు చెప్పి తీరాల్సిన బాధ్యత ఆఫీసు మీద లేనంత కాలం ఆ రెండూ తీరవు.

కబురు ఎలా ఉంటే పనికొస్తుందో చెప్పడానికి విజయవాడలోనే మంచి ఉదాహరణ ఉంది. కృష్ణకు వరద వచ్చినప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 5.69 లక్షలకు చేరితే రెండోది. ఈ అంకెలు ఇంజినీర్ల రిజిస్టర్లలో పుట్టినవే అయినా ఇప్పుడు జనం అంకెలు. కృష్ణలంకలో, రాణిగారితోటలో, తారకరామానగర్‌లో రిటైనింగ్ వాల్ రాక ముందు నుంచీ ఉన్న కుటుంబాలకు మొదటి హెచ్చరిక అంటే ఏం సర్దుకోవాలో, రెండోది అంటే ఎప్పుడు కదలాలో తెలుసు. దిగువన అవనిగడ్డ, నాగాయలంక వైపు లంక రైతులు ఆ అంకె వినగానే మోటార్లు ఒడ్డుకు చేరుస్తారు, పశువులను తోలుకొస్తారు. ఎగువన పులిచింతల నుంచి ఎంత వదిలారో టీవీలో విని, తమ దగ్గరికి ఎన్ని గంటల్లో వస్తుందో లెక్క కట్టుకుంటారు. 2024 సెప్టెంబర్ 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. బ్యారేజీ చరిత్రలో అంత వరద ఎన్నడూ రాలేదు. అయినా నది ఒడ్డున ఉన్న పేటలకు ఏం జరుగుతోందో తెలిసింది. గోడ కాపాడింది, నిజమే. గోడతో పాటు ఆ పేటలను ఏళ్ల తరబడి అలవాటైన హెచ్చరిక కూడా కాపాడింది.

బుడమేరుకు అలాంటి అంకె జనం నోట లేదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, నగరం ఉత్తరపు అంచును ఒరుసుకుంటూ కొల్లేరుకు పోయే ఈ వాగును బెజవాడ దుఃఖదాయని అని పత్రికలు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నాయి. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరదను మళ్లింపు కాలువ ద్వారా బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. ఆ కాలువ సామర్థ్యం సుమారు 15,000 క్యూసెక్కులు. అంతకు మించి వస్తే రెగ్యులేటర్ గేట్లు ఎత్తి పాత బుడమేరులోకి, అంటే నగరం వైపు, వదలక తప్పదు. కృష్ణే నిండుగా ఉంటే మళ్లింపు కాలువ నీళ్లు నదిలోకి దిగక వెనక్కి ఎగదన్నుతాయి. 2024లో ఇవన్నీ ఒకేసారి జరిగాయి. పైగా కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సైన్యం సాయంతో వాటిని పూడ్చేసరికి వారం పట్టింది. అప్పటికే నగరంలోని 64 డివిజన్లలో సగం, 32 డివిజన్లు దెబ్బతిన్నాయి. 2005లో కూడా బుడమేరు ఈ నగరాన్ని ముంచింది. అంటే వాగు స్వభావం ఎవరికీ కొత్త కాదు. ఎన్ని క్యూసెక్కులు వస్తే సింగ్‌నగర్‌లో ఏ రోడ్డు మునుగుతుంది, ఎన్ని గంటల్లో మునుగుతుంది అన్న మాటను మాత్రం ఆ రెండు వరదల మధ్య పంతొమ్మిదేళ్లలో ఎవరూ సింగ్‌నగర్‌కు నేర్పలేదు.

ఆ వరద తర్వాత రాజకీయ పక్షాల మధ్య సాగిన వాదం మనందరికీ తెలిసిందే. గేట్లు ఎత్తడం వల్ల మునిగిందని ఒకరు, అయిదేళ్లు గట్లు పట్టించుకోకపోవడం వల్ల మునిగిందని మరొకరు అన్నారు. ఎవరి మాట ఎంత నిజమో విచారణలు తేల్చాలి. పేటలో ఉన్నవాడికి కావలసిన ప్రశ్న వేరు. వెలగలేరు దగ్గర నీటిమట్టం పెరుగుతోందని ఇంజినీరుకు ఎప్పుడు తెలిసింది, ఆ సంగతి రాజరాజేశ్వరిపేటలో కింది అంతస్తులో పడుకున్న కుటుంబానికి ఎప్పుడు తెలిసింది? ఆ రెండు సమయాల మధ్య ఉన్న తేడాయే పాలన. ఆ తేడాలో స్కూటరును ఫ్లైఓవర్ మీదికి ఎక్కించవచ్చు. పిల్లల సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు, పొలం కాగితాలు పై అంతస్తులో పెట్టవచ్చు. మంచం పట్టిన తాతను బంధువుల ఇంటికి చేర్చవచ్చు. రెండు బిందెల మంచినీళ్లు నింపుకోవచ్చు. ఫ్రిజ్జులు, కుట్టుమిషన్లు, ఆటోలు, పుస్తకాలు పోయిన ఇళ్లలో నష్టం లక్షల్లో ఉంది. దానిలో ఎంతో కొంత నాలుగు గంటల ముందు కబురు అందితే తప్పేది. ప్రాణాలు పోయిన ఇళ్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

సహాయం అందడంలోనూ ఇదే లోపం కనిపించింది. ఆ రోజుల్లో విజయవాడకు వచ్చిన సాయం తక్కువేమీ కాదు. చుట్టుపక్కల జిల్లాల నుంచి ఆహారపు పొట్లాలు వచ్చాయి. దుర్గగుడి నుంచి, స్వచ్ఛంద సంస్థల వంటశాలల నుంచి భోజనాలు వచ్చాయి. ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేశారు, డ్రోన్లతో పొట్లాలు జారవిడిచారు, అగ్నిమాపక వాహనాలతో ఇళ్లలో బురద కడిగించారు. దేశంలో ఏ నగరంలోనైనా ఇంత కదలిక అరుదే. అయినా సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మొదట్లో పొట్లాలు గుట్టలు పడి ఉంటే, లోపలి సందుల్లో రెండో రోజుకూ మంచినీళ్లు అందలేదన్న ఫిర్యాదులు వచ్చాయి. ఏ సందులో ఎందరున్నారు, ఎవరికి ఇన్సులిన్ కావాలి, ఏ ఇంట్లో బాలింత ఉంది అన్నది బయటి నుంచి వచ్చిన అధికారికి, ట్రాక్టరు తెచ్చిన దాతకు తెలియదు. తెలిసింది ఇరుగుపొరుగుకు మాత్రమే. పై అంతస్తువాళ్లు కింది అంతస్తువాళ్లను తమ గదుల్లో ఉంచుకున్నారు. కుర్రాళ్లు ట్యూబులు కట్టుకుని, థర్మాకోల్ తెప్పలు చేసుకుని పాలు మోశారు. 1995లో జపాన్‌లోని కోబేలో భూకంపం వచ్చినప్పుడు శిథిలాల నుంచి బయటపడ్డవారిలో ఎక్కువ మందిని లాగింది కుటుంబ సభ్యులు, పొరుగువాళ్లేనని తర్వాత తేలింది. ఆ అనుభవంతో అక్కడ పేట సంఘాలకు కసరత్తులు, పరికరాలు, జాబితాలు సమకూర్చారు. మనం మాత్రం పొరుగువాళ్ల మంచితనాన్ని పొగిడి వదిలేశాం. దానికి కూర్చునే చోటు, చేతికో జాబితా ఇవ్వలేదు.

నష్టపరిహారం దగ్గరికి వచ్చేసరికి ఈ లోటు కోపంగా మారింది. 179 వార్డు సచివాలయాల పరిధిలో కింది అంతస్తు కుటుంబాలకు 25 వేలు, పై అంతస్తులవారికి 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది. ఇది ఉదారమైన ప్యాకేజీ. ఆ మాట ఒప్పుకోవాలి. అయితే లెక్కింపు బృందం వచ్చినప్పుడు తాళం వేసి ఉన్న ఇల్లు, అద్దెకున్నవారికా యజమానికా అన్న తగువు, ఆధార్ చిరునామా వేరే ఊరిలో ఉన్న కూలి కుటుంబం, బ్యాంకు ఖాతా కలవని విధవరాలు, ఇలా వేల సందేహాలు పుట్టాయి. జనం సచివాలయం చుట్టూ, తర్వాత కలెక్టరేట్ చుట్టూ తిరిగారు. జాబితాలు సచివాలయాల్లో పెట్టారు కానీ, గోడ మీద కాగితం అంటించడం వేరు, నలుగురిలో చదివి వినిపించడం వేరు. చదివిన చోట, ఫలానా ఇంట్లో మూడు కుటుంబాలున్నాయి, ఒక్కటే రాశారు అని పక్కింటివాళ్లే చెబుతారు. ఫలానా వాళ్లు అసలు ఇక్కడ ఉండటం లేదు అని కూడా వాళ్లే చెబుతారు. ఒక్క సాయంత్రంలో తేలాల్సిన తప్పొప్పులకు ఒక్కొక్కరు ఒంటరిగా అర్జీ పెట్టుకుని వారాల తరబడి ఎదురుచూశారు.

ఈ తేడా రాజ్యాంగంలోనే మొదలైంది. 1992లో చేసిన 73వ సవరణ గ్రామసభను గుర్తించింది. అదే ఏడు చేసిన 74వ సవరణ మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలన్నది కానీ, వాటి కూర్పును, అధికారాలను రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. పైగా ఒక కమిటీ కింద ఒక వార్డైనా ఉండవచ్చు, ఎన్నో వార్డులైనా ఉండవచ్చు అన్నది. సభ అంటే ఓటర్లందరూ. కమిటీ అంటే కొందరు. ఆ కొందరు కూడా చాలా చోట్ల కాగితం మీదే మిగిలారు. 2005లో కేంద్రం జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం తెచ్చినప్పుడు, నిధులు కావాలంటే ప్రజల భాగస్వామ్యానికి చట్టం చేయాలని షరతు పెట్టింది. ఆ పథకం నగరాల్లో విజయవాడ ఒకటి. ఆ షరతు మేరకు ఉమ్మడి రాష్ట్రం 2008లో మునిసిపల్ చట్టాలను సవరించి వార్డు కమిటీలు, వాటి కింద ఏరియా సభలు అన్న మాటను చట్టంలోకి తెచ్చింది. డబ్బు వచ్చింది, ఫ్లైఓవర్లు, పైపులైన్లు, ఇళ్లు వచ్చాయి. సభలు మాత్రం పేటల జీవితంలో భాగం కాలేదు. పది లక్షలు దాటిన నగరానికి 64 మంది కార్పొరేటర్లు అంటే ఒక్కొక్కరి కింద సగటున పదహారు వేల మందికి పైమాటే. పదిహేను వందల జనాభా ఉన్న పంచాయతీకి సర్పంచి, వార్డు సభ్యులు, గ్రామసభ అన్నీ ఉంటే, దానికి పది రెట్లున్న డివిజన్‌కు ఒక్క మనిషి ఫోను నంబరు ఉంది.

కార్పొరేటర్ ఉన్నాడు కదా, సభ ఎందుకు అనేవారు 2019 నుంచి 2021 వరకు జరిగింది గుర్తు చేసుకోవాలి. 2014లో ఏర్పడిన పాలకమండలి గడువు 2019 మధ్యలో తీరింది. 2020 మార్చిలో మొదలైన ఎన్నికల ప్రక్రియ కరోనాతో ఆగి, 2021 మార్చిలో గానీ పూర్తికాలేదు. అంటే నగరం తన జీవితంలోనే అత్యంత కష్టకాలాన్ని, మొదటి విడత కరోనాను, కార్పొరేటర్లు లేకుండా ప్రత్యేకాధికారి పాలనలో గడిపింది. కంటైన్‌మెంట్ జోన్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఆ గీతలోపల కూరగాయలు ఎవరు తెస్తారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఎన్నికైన మనిషి లేడు. ఎన్నికలతో వచ్చి ఎన్నికలతో పోయే పదవికి, ఓటరు జాబితా ఉన్నంత కాలం ఉండే సభకు ఉన్న తేడా ఇదే. మంచి కార్పొరేటర్‌కు సభ పోటీ కాదు. రోజూ ఇంటి ముందు యాభై మందికి ఒకే జవాబు యాభై సార్లు చెప్పే బదులు, అందరిముందూ ఒకసారి చెప్పి, అక్కడే వార్డు సచివాలయం శానిటేషన్ సెక్రటరీ చేత తేదీ చెప్పించుకోవచ్చు.

నిజానికి పేట దాకా ఆఫీసు రాలేదని ఎవరూ అనలేరు. 2019 అక్టోబర్‌లో మొదలైన సచివాలయాలు విజయవాడలో 286 ఉన్నాయి. సుమారు నాలుగు వేల మందికి ఒకటి చొప్పున పెట్టి, పారిశుద్ధ్యం, మౌలిక వసతులు, ప్లానింగ్, ఆరోగ్యం, విద్య, సంక్షేమం, విద్యుత్, రెవెన్యూ, మహిళా రక్షణ అంటూ ఒక్కో పనికి ఒక్కో కార్యదర్శిని నియమించారు. ఇంత దగ్గరగా ఇంత మంది సిబ్బంది ఉన్న వార్డు ఆఫీసు దేశంలోని పెద్ద నగరాల్లో అరుదు. దీన్ని తెచ్చినవారికి ఆ ఘనత ఇవ్వాలి. కొనసాగిస్తున్నవారికీ ఇవ్వాలి. అయితే ఈ ఆఫీసును పైనుంచి వచ్చే పథకాన్ని కిందికి చేర్చడానికి, కిందినుంచి వచ్చే అర్జీని పైకి పంపడానికి కట్టారు. పేట తనలో తాను మాట్లాడుకోవడానికి కట్టలేదు. సచివాలయం కింద వాలంటీర్ ఉన్న రోజుల్లో యాభై, వంద ఇళ్లకు ఒక మనిషి కబురు మోసేవాడు. ఆ వ్యవస్థ మీద రాజకీయ ఆరోపణలు వచ్చాయి, 2024 ఎన్నికలకు ముందు ఎన్నికల సంఘం వాళ్లను పింఛన్ల పంపిణీకి దూరం పెట్టింది, ప్రభుత్వం మారాక వాళ్లు మళ్లీ పనిలోకి రాలేదు. వాలంటీర్లు మంచివాళ్లా కాదా అన్న చర్చలోకి పోను. ప్రభుత్వం నియమించిన ఒక్క మనిషి మీద కబురు ఆధారపడితే, ప్రభుత్వంతోపాటు కబురూ పోతుందని మాత్రం ఆ అనుభవం చెప్పింది. వరద వచ్చింది సరిగ్గా ఆ ఖాళీలోనే. అందుకే పేట తనంతట తాను నిలబెట్టుకునే ఏర్పాటు కావాలంటున్నాను.

ఇప్పుడు అన్నీ ఫోనులోనే ఉన్నాయి కదా అన్నది తేలిగ్గా కొట్టిపారేయకూడని అభ్యంతరం. 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర ద్వారా వాట్సాప్‌లోనే పన్నులు కట్టవచ్చు, ధ్రువపత్రాలు తీసుకోవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. విజయవాడకు ఇది కొత్త కూడా కాదు. 1990ల చివర్లోనే ఈ నగరపాలక సంస్థ వాయిస్ పేరుతో కంప్యూటర్ కేంద్రాలు తెరిచి జనన మరణ ధ్రువపత్రాలు, పన్ను చెల్లింపులు ప్రజల దగ్గరికి తెచ్చింది.  ఇవన్నీ నిజంగా మేలు చేశాయి. కానీ వీటిలో ప్రతిదీ ఒక మనిషికి, ఆఫీసుకు మధ్య నడిచే వ్యవహారం. నా పన్ను, నా సర్టిఫికెట్, నా ఫిర్యాదు. మా వీధి మురుగు కాలువ మా ఇంటి ముందు కాక, మూడు వీధుల అవతల ఆక్రమణ దగ్గర ఆగిపోయిందన్న సంగతి ఒక్కరి ఫిర్యాదులో పట్టదు. ఒకే వీధిలో ముప్ఫై మంది వేర్వేరుగా అడిగిన ప్రశ్న ఒకే ప్రశ్న అని వాళ్లకే తెలియదు. ఇక హెచ్చరికల విషయానికొస్తే, కరెంటు పోయి, టవరు పడిపోయి, ఛార్జింగ్ అయిపోయిన రాత్రే కదా కబురు అత్యవసరమయ్యేది. అయినా ఫోను వద్దని కాదు. సభలో తెలిసిన మనిషి పంపిన మెసేజ్‌ను జనం నమ్ముతారు, ముక్కూమొహం తెలియని నంబరు నుంచి వచ్చినదాన్ని నమ్మరు. 2024 వరద రోజుల్లో బుడమేరుకు మళ్లీ గండి పడిందని పుకారు పుట్టి జనం పరుగులు తీయడం అందరూ చూశారు. నమ్మదగిన గొంతు లేని చోటే పుకారుకు బలం.

ముందుగా చెబితే జనం భయపడతారని, చెప్పిన వరద రాకపోతే రెండోసారి నమ్మరని అధికారులు కొందరు అంటుంటారు. ఈ మాటకు జవాబు కృష్ణా డెల్టా చరిత్రలో ఉంది. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పది వేల మందికి పైగా చనిపోయారు. తుపాను వస్తోందని తెలియక కాదు, ఆ తీవ్రత ఏమిటో, ఎటు కదలాలో ఊరికి తెలియక. ఆ తర్వాత తీరమంతా తుపాను షెల్టర్లు కట్టారు. ఊరి పెద్దలకు, మత్స్యకారులకు హెచ్చరికల అర్థం నేర్పారు. టముకు నుంచి రేడియోకు, రేడియో నుంచి సెల్‌ఫోనుకు మారుతూ వచ్చిన ఆ అలవాటు తర్వాతి తుపానుల్లో ఎన్నో ప్రాణాలను నిలిపింది. ఎన్నోసార్లు ఖాళీ చేయించిన ఊళ్లకు తుపాను రాలేదు కూడా. తీరం జనం దాన్ని మోసమనుకోలేదు, ఎందుకంటే ఎందుకు రాలేదో కూడా వాళ్లకు చెప్పారు. అదే పాత కృష్ణా జిల్లా గడ్డ మీద, యాభై మైళ్ల దూరంలో ఉన్న మహానగరానికి ఆ విద్య అందకపోవడానికి కారణం జనం తెలివితక్కువతనం కాదు. పల్లెకు ఇచ్చిన గౌరవాన్ని నగరపు పేదపేటకు ఇవ్వకపోవడమే.

వరద లేని రోజుల్లో సభ ఏం చేస్తుందన్న ప్రశ్నకు న్యూ రాజరాజేశ్వరిపేట చాలు. 2025 సెప్టెంబర్‌లో అక్కడ అతిసారం ప్రబలి వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. కుళాయి నీళ్లవల్లా, తిన్న తిండివల్లా అన్న చర్చ నడిచింది, నమూనాలు పరీక్షలకు పోయాయి, మంత్రులు వచ్చారు, శిబిరాలు పెట్టారు. అయితే మామూలు రోజుల్లో ఆ పేట కుళాయి నీటిని ఎప్పుడు పరీక్షించారో, క్లోరిన్ ఎంత ఉందో, ఏ పైపు మురుగు కాలువలోంచి పోతోందో ప్రతి నెలా ఆ పేటకే చెప్పే పద్ధతి ఉంటే, మొదటి నాలుగు ఇళ్లలో వాంతులు మొదలైనప్పుడే నీళ్ల మీద అనుమానమో, నమ్మకమో ఆధారంతో కలిగేది. ఇది కొత్త కోరిక కూడా కాదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఎవరూ అడగకముందే ప్రభుత్వ కార్యాలయాలు తమ సమాచారాన్ని బయటపెట్టాలంటోంది. ప్రజలను ప్రభావితం చేసే నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ వెల్లడించాలని, కారణాలు చెప్పాలని, స్థానిక భాషలో చెప్పాలని అదే సెక్షన్ చెబుతోంది. వెల్లడించడమంటే ఇంటర్నెట్‌లో పెట్టడం ఒక్కటే కాదు, నోటీసు బోర్డులు, బహిరంగ ప్రకటనలు కూడా అని ఆ చట్టం వివరణలోనే ఉంది. మనం ఇరవై ఏళ్లుగా ఆ చట్టాన్ని దరఖాస్తు పెట్టే హక్కుగానే వాడుకున్నాం. చెప్పే బాధ్యతగా అమలు చేయమని నగరపాలక సంస్థలను అడగలేదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. సభ పెడితే ఎవరూ రారు, వచ్చినా పార్టీ కార్యకర్తలే ముందు కుర్చీల్లో కూర్చుంటారు, అద్దెకుండేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, ఆడవాళ్లు వెనకే ఉండిపోతారు అన్నది. ఇది చాలా గ్రామసభల అనుభవం, దాచనక్కర్లేదు. కానీ జనం ఎప్పుడు వస్తారో కూడా విజయవాడ చూపించింది. 2021లో ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు మార్చినప్పుడు, అదే ఏడాది ఇంటింటి చెత్తకు నెలనెలా రుసుము పెట్టినప్పుడు ఈ నగరంలో పన్ను చెల్లింపుదారుల సంఘాలు, పౌర సంఘాలు, కాలనీ సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. చెత్త రుసుము చివరికి 2024లో రద్దయింది. నిర్ణయం ముందు అడిగి ఉంటే, ఎంత ఖర్చవుతోంది, ఎవరు ఎంత మోయగలరు అన్న లెక్కతో మూడేళ్ల తగువు తప్పేదేమో. తమ జేబుకు, తమ గడపకు సంబంధించిన సంగతి తేలుతుందంటే జనం వస్తారు. ఏదీ తేలని చోటికి రాకపోవడం వాళ్ల తప్పు కాదు. పార్టీల పెత్తనానికి విరుగుడు సభ చిన్నదిగా ఉండటం. డివిజన్ స్థాయిలో పదహారు వేల మందికి పెడితే అది బహిరంగ సభ అవుతుంది. సచివాలయం స్థాయిలో, సాయంత్రం ఆరు దాటాక, పేట మధ్యలోని మునిసిపల్ స్కూల్లో పెడితే ఎదుటివాళ్లు ఎవరో ఒకరికొకరు తెలుస్తారు, అబద్ధం చెప్పడం కష్టమవుతుంది. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) పొదుపు సంఘాల మహిళలు ఇప్పటికే నెలనెలా కూర్చుని అప్పులు, వడ్డీలు లెక్క తేల్చుకుంటున్నారు. మినిట్స్ రాయడం, సంతకాలు పెట్టించడం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అద్దెకున్నవాళ్లు కూడా ఎక్కువగా ఆ సంఘాల్లోనే కనిపిస్తారు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో కాదు.

బయటి అనుభవాలు ఉన్నాయి, వాటిని అతిగా చెప్పుకోనక్కర్లేదు. కేరళ 1994 మునిసిపల్ చట్టంలోనే చిన్న పట్టణాలకు వార్డు సభలు, పెద్ద నగరాలకు వార్డు కమిటీలు పెట్టింది. బెంగళూరులో పౌరులు హైకోర్టు దాకా వెళ్లి వార్డు కమిటీలు సాధించుకుని నెలనెలా సమావేశాలు జరిపించుకున్నారు. 1989లో బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం పేట సభల్లో బడ్జెట్ తేల్చే పద్ధతి మొదలుపెట్టి ప్రపంచానికి పాఠమైంది. ఆ నగరం కూడా 2024 మేలో వరదలో మునిగింది. కాబట్టి సభ నీటిని ఆపదు. గట్లు, గేట్లు, పంపులే ఆపాలి. బుడమేరు మళ్లింపు కాలువను వెడల్పు చేయడం, ఆక్రమణలు తొలగించడం, నగరంలోని మురుగు కాలువలకు దారి చూపడం కోట్లతో, ఏళ్లతో కూడిన పనులు. వాటికి సభ ప్రత్యామ్నాయం కాదు. ఆ పనులు సగంలో ఆగిపోతే వెంటనే కనిపెట్టి అడగగలిగేది మాత్రం ఆ గట్టు పక్కన ఉండే పేటే. 2005 తర్వాత మాటిచ్చిన పనులన్నిటినీ ఆ తర్వాతి ఏళ్లలో ఆరు నెలలకోసారి సింగ్‌నగర్‌లో చదివి వినిపించి ఉంటే, 2024 దాకా అవి ఎక్కడ ఆగాయో ఎవరికీ తెలియకుండా ఉండేది కాదు.

దీనికి మొదట కావలసింది నగరపాలక సంస్థ కమిషనర్ ఇచ్చే ఒక ఉత్తర్వు. ప్రతి సచివాలయం పరిధిలో రెండు నెలలకోసారి తేదీ ముందే ప్రకటించి పేట సభ జరపాలి. ఆ వార్డులో ఖర్చు చేసిన డబ్బు, చేయబోయే పనులు, నీటి పరీక్షల ఫలితాలు, కిందటి సభలో అడిగిన ప్రశ్నలకు జవాబులు అక్కడ చదవాలి. ఏ ప్రశ్నకు ఎవరు ఏ తేదీలోగా జవాబివ్వాలో పుస్తకంలో రాయాలి, ఆ పేజీని గోడ మీద పెట్టాలి. సచివాలయ సిబ్బంది ఇప్పటికే సర్వేలతో సతమతమవుతున్నారన్నది నిజం. వాళ్ల మీద మరో భారం మోపే ముందు పనికిరాని సర్వేలు నాలుగు తీసేయాలి. కబురు చేర్చడానికి కొత్త వాహనాలు కొననక్కర్లేదు. చెత్త ఆటో పొద్దున్నే మైకుతో ప్రతి సందులోకి వస్తోంది. సభ తేదీ, నీళ్లు రాని రోజు, వరద హెచ్చరిక ఆ మైకులోనే వినిపించవచ్చు. ఆ తర్వాత శాసనసభ చేయాల్సిన పని ఉంది. గ్రామసభకు ఉన్న హోదాను పేట సభకు ఇస్తూ మునిసిపల్ చట్టాన్ని సవరించాలి. వార్డు పనుల ప్రాధాన్యాన్ని ఆ సభ తీర్మానంతో ముడిపెట్టాలి. ఎన్నికైన మండలి లేని కాలంలోనూ సభ ఆగకూడదని స్పష్టంగా రాయాలి. కమిషనర్ ఉత్తర్వు కమిషనర్ బదిలీతో పోవచ్చు, చట్టం పోదు.

మొదటి సభలు జరగాల్సింది 2024లో దెబ్బతిన్న ఆ 179 సచివాలయాల పరిధిలో, జూన్‌లో వానలు మొదలయ్యే లోపు. వాటి ఎజెండా కూడా సిద్ధంగానే ఉంది. వెలగలేరు దగ్గర ఎంత ప్రవాహానికి మొదటి హెచ్చరిక, ఎంతకు రెండోది, ఆ హెచ్చరిక అందాక ఏ వీధికి ఎన్ని గంటల వ్యవధి ఉంటుంది అన్నది ఒక కాగితం మీద వీధి పేర్లతో సహా రాసి ఇవ్వాలి. ఎవరు ఏ మేడ మీదికి చేరాలి, నడవలేనివాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారు, వాళ్లను ఎవరు మోస్తారు అన్నది పేట తానే తేల్చుకుని, ఆ జాబితాను పొదుపు సంఘం దగ్గర ఉంచుకోవాలి. మళ్లింపు కాలువ గట్ల పనుల్లో ఎంత శాతం అయింది, మిగిలింది ఎప్పటికి అవుతుంది అని జనం అడుగుతారు. అప్పుడు జవాబు చెప్పడానికి సచివాలయ కార్యదర్శిని ముందుకు నెట్టకుండా, జలవనరుల శాఖ ఇంజినీరే లెక్కల పుస్తకంతో వచ్చి అక్కడ కూర్చోవాలి.